నిర్వహణ సంధి: సైన్సు ఫిక్షన్ ధారావాహికల ముగింపులు

భరతముని కథాశరీరమును ఐదు సంధులుగా విభజించి, ముఖసంధియందు నాటిన బీజము ప్రతిముఖ, గర్భ, విమర్శ సంధులలో మొలకెత్తుచు, మరుగుపడుచు, విఘ్నములకు లోనగుచు, తుదకు నిర్వహణ సంధియందు ఫలింపవలెననియు, అంతవరకు చెదరియున్న అర్థములన్నియు అచ్చట ఒక్కచోటికి చేరవలెననియు శాసించెను. అంతటితో ఊరకుండక, నానారసములతో కూడిన ఏ కావ్యమునందైనను నిర్వహణమున అద్భుతరసమును ప్రయోగింపవలెనని మరియొక విధి చేసెను. శాకుంతలము తుది అంకమున, మారీచాశ్రమములో సింహపుపిల్లను నోరు తెరువుమని గదమాయించుచున్న బాలుని దుష్యంతుడు చూచు ఘట్టము ఈ విధికి చక్కని ఉదాహరణము. అయితే ఇదే సూత్రమును గడచిన అరువదేండ్లుగా పాశ్చాత్య దేశముల టెలివిజన్‌లో వచ్చుచున్న సైన్సు ఫిక్షన్ ధారావాహికలకు పట్టించి చూచినచో విచిత్రమైన చిక్కొకటి ఎదురగును. ఇతర కథలు తుదకు దాచుకొను అద్భుతము ఈ జాతి కథలలో తొలి ఎపిసోడుననే వెచ్చమైపోవును. నక్షత్రముల నడుమ తిరుగు నౌకతోనో, కాలమును వెనుకకు త్రిప్పు యంత్రముతోనో కథ నారంభించినవాడు, ఇరువది ఎపిసోడుల పిమ్మట ప్రేక్షకుని దేనితో అబ్బురపరచగలడు? ఇంకను పెద్ద నౌకను చూపవచ్చును. అది కొలతయే గాని రసము కాదు. రహస్యమును విప్పి చెప్పవచ్చును. విప్పిన మరుక్షణమే అద్భుతము శాస్త్రపాఠమగును. ఈ ధారావాహికల ముగింపులు ఇన్ని ఏల చెడినవి, చెడనివి ఎట్లు నిలిచినవి అను ప్రశ్నకు మూలము ఇచ్చటనే యున్నదని నా నమ్మకము.

కవిదోషమును ఎన్నుటకు ముందు వ్యాపారదోషమును ఎన్నవలెను. అమెరికాలో ఎన్‌బీసీ సంస్థ 1966లో ప్రారంభించిన ‘స్టార్ ట్రెక్’ తన యాత్ర ఐదేండ్ల యాత్రయని ప్రతి ఎపిసోడు మొదటను చాటుకొనుచుండెను గాని, మూడు సీజనులు, 79 ఎపిసోడులు ముగియగనే దానిని ఆపివేసిరి. 1969 జూన్ 3వ తేదీన, మానవుడు చంద్రునిపై కాలు మోపుటకు దాదాపు ఏడు వారముల ముందు, చివరి ఎపిసోడు ప్రసారమయ్యెను. అందు ముగింపన్న మాటయే లేదు. 1980లలో మన దూరదర్శన్ ప్రసారము చేసినది కూడ ఆ తుది లేని కథనే. ఆ కాలపు నిర్మాతలకు ముగింపు అక్కరలేకపోవుటకు కారణము స్పష్టము: ధారావాహికకు అసలు లాభము దాని ప్రథమ ప్రసారమున గాక, తరువాత ఊరూర నుండు స్థానిక స్టేషనులకు అమ్మినపుడు వచ్చుచుండెను, ఆ స్టేషనులు తమకు తోచిన వరుసలో ఎపిసోడులను వేసికొనునవి, కావున ఏ ఎపిసోడునకు ఆ ఎపిసోడే తెగిపోయి, తుదకు పాత్రలన్నియు మొదటి స్థితికి చేరుకొనుటయే వర్తకమునకు అనుకూలము. బీజము నాటుటయే నిషిద్ధమైన చోట ఫలమును గూర్చి అడుగుటెట్లు?

బ్రిటనులో ఆచారము వేరు. అచ్చటి సీజను చిన్నది, రచయితకు స్వేచ్ఛ కొంత హెచ్చు; అందుచేత తెగింపుగల ముగింపులు ముందుగా పుట్టినది అచ్చటనే. ప్యాట్రిక్ మెక్‌గూహన్ నటించిన ‘ది ప్రిజనర్’ 17 ఎపిసోడులలో, పేరు పోగొట్టుకొని ‘ఆరవ నంబరు’గా మిగిలిన బందీ తన్ను బంధించిన ‘ఒకటవ నంబరు’ ఎవరో తెలిసికొనగోరును. 1968 ఫిబ్రవరిలో ప్రసారమైన చివరి ఎపిసోడును మెక్‌గూహన్ తానే వ్రాసి, తానే దర్శకత్వము వహించి, ముసుగు తొలగింపగా కోతి మొగము, దానిని తొలగింపగా బందీ మొగమే కనిపించునట్లు చేసెను. ప్రేక్షకులు మండిపడిరి. వారు కోరినది ఒక దుష్టుని పేరు. వారికి దొరికినది అద్దము. ఆ కోపములో న్యాయము లేకపోలేదు: ఆ ముసుగు తొలగింపు వెనుక బీజమున్నది గాని, దాని చుట్టు నున్న అల్లరి పాటలు, తుపాకులు, రాకెట్టు మొదలైన వానిలో అధికభాగము తొందరపాటు పని. 1981 డిసెంబరు 21న బీబీసీ ప్రసారము చేసిన ‘బ్లేక్స్ సెవెన్’ చివరి ఎపిసోడు దీనికన్న ఎంతో గట్టి పనితనము. నాలుగు సీజనులు, 52 ఎపిసోడుల పాటు నియంతృత్వముపై తిరుగబడిన ఆ కొద్దిమందిలో, ఎవరిని నమ్మని ఏవన్, నాయకుడైన బ్లేక్‌ను చాలకాలమునకు కలిసికొని, అతడు తమ్ము అమ్ముకొనెనని పొరబడి, నీవు నన్ను మోసగించితివా యని అడిగి, జవాబు కుదురుగ వచ్చులోపలనే కాల్చి చంపును. అనుచరులందరు ఒక్కరొక్కరుగ కూలుదురు. ఏవన్ శత్రువుల నడుమ నిలిచి తుపాకి నెత్తి చిరునవ్వు నవ్వును. తెర నల్లబడిన పిమ్మట కాల్పుల చప్పుడు మాత్రము వినబడును. క్రిస్మసుకు నాలుగు దినముల ముందు ఇండ్లలోనికి పంపదగిన దృశ్యమేనా యని ఎవరైన అడుగవచ్చును గాక. ఏవన్ అపనమ్మకము మొదటి సీజను నుండి పెరిగిన మొక్క, దానికి కాయదగిన కాయ అదియే.

అదే బీబీసీలో ఐదేండ్ల తరువాత జరిగినది ముగింపులు ఎట్లు చెడునో బోధించుటకు పాఠ్యగ్రంథము వంటిది. ‘డాక్టర్ హూ’ను పదునెనిమిది మాసములు నిలిపివేసి, 1986లో 14 భాగముల ఏకకథగా, ‘ది ట్రయల్ ఆఫ్ ఎ టైమ్ లార్డ్’ అను పేర తిరిగి తెచ్చిరి. నాయకుడు న్యాయస్థానమున నిందితుడు, అతని సాహసములే సాక్ష్యములు. కట్టుబాటు మంచిదే. కాని తుది రెండు భాగములు వ్రాయవలసిన రాబర్ట్ హోమ్స్ 13వ భాగపు ముసాయిదా మాత్రమే వదలి ఆ యేడు మే నెలలో మరణించెను. 14వ భాగమును వ్రాసిన స్క్రిప్టు ఎడిటరు ఎరిక్ సేవర్డ్, నాయకుడును ప్రతినాయకుడును కలిసి అగాధమున పడిపోవు తన ముగింపునకు నిర్మాత జాన్ నేథన్-టర్నర్ ఒప్పుకొనకపోవుటచే, ఉద్యోగము విడిచి, ఆ స్క్రిప్టును వాడుకొనుటకు తానిచ్చిన అనుమతిని కూడ వెనుకకు తీసికొనెను. అంతట పిప్, జేన్ బేకర్ అను దంపతులు, సేవర్డ్ వ్రాసినదేమో చట్టరీత్యా తెలిసికొనరాని స్థితిలో, 13వ భాగమును మాత్రమే చేతనుంచుకొని, కొద్ది దినములలో వేరొక 14వ భాగమును వ్రాసి యిచ్చిరి. వారిని నిందించుటకు నాకు నోరు రాదు. అయినను ఫలితము ఫలితమే: నడుమ భాగములలో పెరీ అను యువతి మనస్సును చెరిపివేసి, శరీరము నింకొకరికి అప్పగించి చంపిన దృశ్యము, ఆ ధారావాహిక చరిత్రలోనే అతి భయంకరమైనది, తుదిభాగమున అది కల్పిత సాక్ష్యమనియు, ఆమె ఒక రాజును పెండ్లాడి సుఖముగా నున్నదనియు ఒక్క వాక్యముతో తుడిచివేయబడెను. ప్రేక్షకుడు పెట్టిన దుఃఖమును తిరిగి లాగికొనుట కన్న మించిన అపచారము నిర్వహణ సంధిలో వేరొకటి లేదు.

దీనికి సరిగా ఎదురైన కథ అమెరికాలో 1990లో నడచినది. ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’ మూడవ సీజను తుదియందు, జూన్ 18న, నౌకానాయకుడు పికార్డ్‌ను ‘బోర్గ్’ అను సామూహిక యంత్రజాతి పట్టుకొని తనలో కలుపుకొనగా, ఉపనాయకుడు రైకర్ ఆ జాతి నౌకపై, అనగా తన నాయకునిపైననే, అస్త్రము ప్రయోగింపుమని ఆజ్ఞాపించుటతో తెర పడెను. తరువాతి భాగము సెప్టెంబరు 24న గాని రాలేదు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలకై నెల యంతయు ఎదురుచూచిన తెలుగు పాఠకుడు, ఆ నిరీక్షణ మూడు నెలలకు పైగా సాగినచో ఎట్లుండునో ఊహించుకొనగలడు. విశేష మేమనగా, మొదటి భాగము వ్రాసినపుడు రచయిత మైకేల్ పిల్లర్‌కే రెండవ భాగమున ఏమి జరుగునో తెలియదు. ఆయన ఆ ఉద్యోగమున కొనసాగుటయే అప్పటికి నిశ్చయము కాలేదు. అట్లు వ్రాసిన రెండవ భాగమున పరిష్కారము సామాన్యమైనది: పికార్డ్‌ను చెరనుండి లాగుకొనివచ్చి, అతని మనస్సు ద్వారముగా శత్రువులకు నిద్రపొమ్మను ఆజ్ఞ పంపుదురు, శత్రునౌక తన్ను తానే పేల్చుకొనును. ఇది తాళముచెవి దొరికినట్లే గాని, ధర్మసంకటము తీరినట్లు కాదు. అచ్చటనే ఆగియున్నచో ఇది చక్కని చిక్కుముడి, సాదా విప్పుడు అని వదలివేసియుందును.

కాని ఆగలేదు. అక్టోబరు 1న వచ్చిన తరువాతి ఎపిసోడును, ‘ఫ్యామిలీ’ అను దానిని, రొనాల్డ్ మూర్ వ్రాసెను. అందు యుద్ధము లేదు. పికార్డ్ ఫ్రాన్సులోని తన పల్లెకు, అన్నగారి ద్రాక్షతోటకు పోవును. యంత్రములనిన గిట్టని ఆ అన్న, చిన్ననాటి పంతము లన్నియు మనసున పెట్టుకొని తమ్ముని కవ్వింపగా కవ్వింపగా, తుదకు ద్రాక్షసాళ్ల నడుమ బురదలో ఇద్దరు కలియబడుదురు. మట్టికొట్టుకొని నవ్వుచున్న పికార్డ్ ఆ నవ్వులోనే భోరున ఏడ్చి, బోర్గులు తన చేత ఇందరిని చంపించుచుండగా ఆపలేకపోతినని, తనకు అంత బలము లేకపోయెనని చెప్పును. ప్రతి ఎపిసోడు తుదను పాత్రలను కడిగి ఆరవేయు వ్యాపారసంప్రదాయము ఆ బురదలో పడిపోయినదని నేననుకొందును. అంతియే కాదు, ఆ బోర్గ్ యుద్ధమున చనిపోయినవారిలో ఒక స్త్రీ 1993 జనవరిలో మొదలైన ‘డీప్ స్పేస్ నైన్’ నాయకుడు సిస్కోకు భార్య, అతడు పికార్డ్‌ను మొదటిసారి కలిసికొనినపుడు అతని కన్నులలో గౌరవము లేదు, ద్వేషమున్నది. ఒక ముగింపు మూల్యమును చెల్లించినచో దాని శేషము మరియొక కథకు బీజమగునని ఇంతకన్న స్పష్టముగ చూపిన ఉదాహరణ నే నెరుగను.

ఇక ఈ సమీక్షకు కేంద్రమైన ‘బాబిలన్ 5’. మైకేల్ స్ట్రజిన్‌స్కీ దీనిని మొదటినుండియు ఐదు సీజనుల ఒకే నవలగా సంకల్పించి, 110 ఎపిసోడులలో 92 తానే వ్రాసెను; మూడవ, నాలుగవ సీజనులలో ఒక్కటియు ఇతరులది లేదు. ఏ నటుడు ఎప్పుడు వదలిపోయినను కథ కూలకుండునట్లు ప్రతి పాత్రకును ఒక దొడ్డిదారి ముందుగనే అమర్చుకొనెను. మొదటి సీజను నాయకుడు మైకేల్ ఓహేర్ వెడలిపోయినపుడు ఆ దారి అక్కరకు వచ్చెను. అయినను ఇంత ప్రణాళికకును వర్తకము గండికొట్టకపోలేదు. ధారావాహికను ప్రసారము చేయుచున్న సంస్థ చితికిపోవుటచే నాలుగవ సీజనే ఆఖరిదని తోచగా, రెండు సీజనులుగా పెంచిన మహాయుద్ధమును 1997 ఫిబ్రవరి నాటికి, సీజనులో ఆరవ ఎపిసోడుననే ముగించి, భూమిపై అంతర్యుద్ధమును మిగిలిన భాగమున కుదించి, సమాప్తిఘట్టమైన ‘స్లీపింగ్ ఇన్ లైట్’ను కూడ చిత్రించి పెట్టుకొనెను. అంతట టీఎన్‌టీ సంస్థ ఐదవ సీజనుకు అంగీకరించెను. చిత్రించిన సమాప్తిని పక్కనుంచి, నాలుగవ సీజనుకు వేరొక తుది ఎపిసోడు వ్రాసి, దాచినదానిని 1998 నవంబరు 25న ప్రసారము చేసిరి. అందుచేతనే ఐదవ సీజనంతటను కనబడని ఇవనోవా, ఆ పాత్ర ధరించిన క్లాడియా క్రిస్టియన్ అప్పటికే వెడలిపోయినను, సమాప్తిలో మాత్రము కనిపించును. ఆ ఎపిసోడున అంతరిక్షకేంద్రమును మూసివేయుచు చివరి దీపములార్పు పనివాని వేషమును స్ట్రజిన్‌స్కీయే ధరించెను.

అయితే నేను ఆగి చూపదలచినది ఆ సమాప్తి కాదు, లోండో కథ. 1994 జనవరిలో వచ్చిన మొదటి ఎపిసోడుననే, పడిపోయిన సామ్రాజ్యపు రాయబారి లోండో తన మరణమును కలలో చూచితిననియు, ముసలితనమున తన బద్ధశత్రువు జికార్ తన గొంతు నులిమి చంపుననియు చెప్పును. అదే సీజనులో మోర్డెన్ అను చిరునవ్వుల అపరిచితుడు రాయబారులను ఒక్కొక్కరిని కలిసి, నీకేమి కావలెను అని మాత్రమే అడుగును. లోండో మొదట విసుగుకొని, తరువాత ఉప్పొంగి, తన జాతి మరల నక్షత్రములను ఏలవలెను, పోయిన వైభవము తిరిగి రావలెను అనును. ప్రశ్న చిన్నది, జవాబు చిన్నది. తరువాతి సీజనులలో ఆ జవాబు అక్షరాలా నెరవేరును: జికార్ జాతి నాశనమగును, లోండో మెట్టుమెట్టు ఎక్కును, 1998లో చక్రవర్తి కిరీటము ధరించును, కాని కిరీటముతోపాటు అతని మెడపై అతని మనస్సును ఏలు ఒక పరాన్నజీవి కూడ చేరును. ఇక కల? మూడవ సీజనులోనే, 1996లో, ఆ మరణఘట్టమును భవిష్యద్దర్శనముగా చూపిరి. జికార్ చేతులు లోండో గొంతు చుట్టునున్న మాట నిజమే. కాని అప్పటికి వారిరువురు మిత్రులు. మెడపై నున్న జీవి మేలుకొని, లోండో విడిచిపెట్టిన బందీలను పట్టించులోపల తన్ను చంపుమని లోండోయే వేడుకొనెను. ద్వేషముచే జరుగునని రెండేండ్లకు పైగా నమ్మిన హత్య కరుణచే జరుగును. పీటర్ జురాసిక్, ఆండ్రియాస్ కట్సూలస్ అను నటులిరువురును ఆ కొద్ది నిమిషములలో చూపిన అలసట, స్నేహము మాటలకు లొంగవు.

మొదట నే నెత్తిన చిక్కు ఇచ్చట విడిపోవుచున్నది. సైన్సు ఫిక్షనుకు తుదియందు మిగులు అద్భుతము క్రొత్త వస్తువు కాదు, ఎరిగిన వస్తువునకు కలిగిన క్రొత్త అర్థము. లోండో ఎట్లు చచ్చునో మొదటినుండి ఎరుగుదుము. ఏల చచ్చునో ఎరుగము. ఆశ్రమములోని బాలుడు ఎవరి కుమారుడో శాకుంతల ప్రేక్షకునకు తెలియనిదా? భరతుడు చెప్పిన అద్భుతము రహస్యభేదనము కాదని, ప్రత్యభిజ్ఞ యని గ్రహించినచో, ఆయన విధి వ్యోమనౌకలకు కూడ చెల్లును.

ఈ గీటురాయిపై మిగిలినవానిని గీచి చూతము. ‘ది ఎక్స్-ఫైల్స్’ 1993 నుండి తొమ్మిది సీజనులు కుట్రపై కుట్ర పేర్చికొనుచు పోయినది. ఎప్పుడు ముగియునో ఎవరికిని తెలియనందున ప్రతి సమాధానమును వెంటనే ఒక క్రొత్త సందేహముతో కప్పవలసివచ్చెను. 2002 మే నెలలో వచ్చిన ముగింపు మరల ఒక న్యాయస్థానము. సాక్షులు ఒకరి తరువాత నొకరు వచ్చి తొమ్మిదేండ్ల కథను వల్లించిరి. అది నిర్వహణము కాదు, విషయసూచిక. ‘లాస్ట్’ కథ ఇంకను విచిత్రము. దాని మూడవ సీజను తుదియందు, 2007 మే 23న, గడ్డము పెంచి మత్తులో మునిగిన కథానాయకుడు జాక్ జీవితమును మనము అలవాటు చొప్పున గతమనుకొని చూచుచుండగా, అది అతడు చిక్కుకొనిన ద్వీపమునుండి బయటపడిన తరువాతి భవిష్యత్తని తుది నిమిషమున తెలియును. విడుదలకై మూడు సీజనులు కొట్టుకొనినవాడే, మనము తిరిగి పోవలెనని అరచును. ఎరిగినదానికి క్రొత్త అర్థము అనుటకు ఇది అచ్చమైన నమూనా. అదే నెలలో ఏబీసీ సంస్థ, ఇంక 48 ఎపిసోడులు మాత్రమేయని, 2010లో ముగింతుమని ప్రకటించెను. తేది తెలిసినను పూర్ణఫలము రాలేదు: సంఖ్యల మర్మము, శిశుజననమునకు పట్టిన శాపము మొదలైన బీజములు ఎన్నో మట్టిలోనే మిగిలినవి, పైగా ఆఖరున టైటిళ్ల వెనుక సంస్థవారు అలంకారమునకై చేర్చిన విమానశకలముల దృశ్యముల వలన, అందరు మొదటినుండియు మృతులే యను దురభిప్రాయము వ్యాపించి నేటికిని పోలేదు.

రొనాల్డ్ మూర్ యొక్క ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’ తన యంత్రమానవులకు ఒక పథకమున్నదని ఎపిసోడుల మొదట ప్రకటించుచుండెను. ఆ పథకము మాత్రము ఏ సీజనులోను మన కంటబడలేదు. 2009 మార్చి 20న ముగిసిన ఆ కథలో, మూడవ సీజనున అంతుచిక్కక వినబడిన పాట స్వరములు అంకెలై నౌకను మన భూమికి చేర్చుట అందమైన కూర్పే. కాని చచ్చి తిరిగివచ్చిన కారా త్రేస్ ఎవరన్న ప్రశ్నకు, ఆమె పచ్చికబయలులో మాయమగుటయే జవాబు. దైవము పేర అప్పులన్నియు కొట్టివేయుట విశ్వాసమనిపించుకొనవచ్చును గాని, నాలుగు సీజనులు రాజకీయమును, నీళ్ల కరవును, ఓట్ల లెక్కింపును అంత నిక్కచ్చిగ చూపిన రచయితకు అది తగిన పని కాదు.

అర్ధాంతరముగ తెగినవానిని గూర్చి హెచ్చుగా చెప్పుటకు లేదు. ‘ఫైర్‌ఫ్లై’ 14 ఎపిసోడులతో ఆగి, 2005లో ఒక సినిమాగా మిగిలిన మాట చెప్పుకొనెను. ‘ఫార్‌స్కేప్’ 2003లో నాయకులిద్దరిని పొడిపొడి చేసి ఆగి, మరుసటి యేడు లఘుధారావాహికలో వారిని తిరిగి కూర్చుకొనెను. 1993లో ‘క్వాంటమ్ లీప్’ నాయకుడు ఇల్లు చేరనే లేదని తెరపై ఒక్క వాక్యము వేసి ముగించిరి. ఐదేండ్లు తిరిగిన ఆ నాయకుని పేరునందు కూడ అక్షరము తప్పిపోయెను.

నేటి స్ట్రీమింగు సంస్థల కాలమున సీజను పొట్టిదై, వరుసగ చూచు వసతి కలిగి, పాత అడ్డంకి ఒకటి తొలగినది. కాని నిర్దయ పెరిగినది. ‘వెస్ట్‌వరల్డ్’ ఐదవ సీజను చూడకయే 2022లో ఆగిపోయెను. తొమ్మిది నవలల ‘ది ఎక్స్‌పాన్స్’ ఆరవ నవలతో నిలిచి, తరువాతి కథకు నాటిన బీజములను అట్లే వదలెను. వీని నడుమ రెండు మాత్రము నిర్వహణ సంధిని సాధించినవి. జర్మనులు తీసిన ‘డార్క్’ మూడు సీజనులు, 26 ఎపిసోడులలో, ముప్పదిమూడేండ్ల కాలచక్రమున చిక్కిన ఊరిని చూపి, తమ లోకమును కాపాడగోరిన యోనాస్, మార్తా జంట తుదకు తెలిసికొనినది తమ లోకమే పొరపాటున పుట్టినదని, దానిని పుట్టకుండ చేయుటయే రక్షణమని చూపెను. వారు ధూళియై కరగిపోవుదురు, మూల్యము చెల్లినది. ఇక ‘ఆండోర్’: ఐదు సీజనులుగా తలపెట్టినదానిని టోనీ గిల్రాయ్ రెండింటికి కుదించి, 2025లో వచ్చిన రెండవ సీజనులో ఏడాదికి మూడు ఎపిసోడుల చొప్పున నాలుగేండ్లు చెప్పెను. నాయకుడు కెసియన్ చచ్చునని 2016 నాటి సినిమా చూచిన ప్రతివానికి తెలియును. కెసియన్ నౌక ఎక్కుటకు సామాన్యముగ నడచిపోవుచుండగా, ఎక్కడనో పొలములో అతని ప్రియురాలు బిక్స్ చేతిలో అతడు చూడని, చూడబోని బిడ్డ కనిపించును. తెలిసిన చావు ఆ క్షణమున వేరొక బరువు తాల్చును.

ఇన్నింటిని చూచిన పిమ్మట, ముందుగ కథ యంతయు తెలిసియుండుట అవసరమని చెప్పజాలను. పిల్లర్‌కు తెలియదు, ‘ఫ్యామిలీ’ నిలిచినది. ముగింపు తేది తెలిసియుండుట మేలు చేయును గాని, ‘లాస్ట్’ను అది పూర్తిగ రక్షింపలేదు. పాత్ర చెల్లింపవలసిన మూల్యమును యంత్రముతోనో, దైవముతోనో, న్యాయస్థానపు సాక్ష్యముతోనో తప్పించినవి చెడినవి, తప్పింపనివి నిలిచినవి. నిలిచినవానిలో నా అగ్రతాంబూలము ‘బాబిలన్ 5’కే. దాని మొదటి సీజను నటనలో, చిత్రణలో వెలవెలబోవును. పాఠకులు విసుగుచెంది విడువక, మోర్డెన్ లోండోను ప్రశ్నించు ‘సైన్స్ అండ్ పోర్టెంట్స్’ వరకైనను ఓపికపట్టి చూడవలసినదిగా కోరుచున్నాను.